నెట్ ఉంది గానీ...

మా చర్లలో ఇంటర్నెట్ మీద ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: "నెట్ ఉంది గానీ పని చెయ్యట్లేదు." హైదరాబాద్‌లో ఉన్న కొడుకుతో తల్లి వీడియోకాల్ మాట్లాడుతుంటుంది. పక్క గదిలో ఎవరో పెళ్లి వీడియో అప్‌లోడ్ పెడతారు. అంతే, కొడుకు ముఖం తెర మీద బిగుసుకుపోతుంది. కనెక్షన్ ఇచ్చినాయన వచ్చి స్పీడ్ చూపిస్తాడు. అంకె బాగానే ఉంటుంది. అయినా పెద్ద ప్లాన్ తీసుకోమంటాడు.

చాలాసార్లు జబ్బు స్పీడ్‌ది కాదు, రౌటర్‌ది. పంపడానికి వీల్లేనంత డేటా వచ్చిపడితే రౌటర్ దాన్ని కాసేపు మెమరీలో దాచుకుంటుంది. మెమరీ చవకయ్యేసరికి తయారీదారులు ఈ నిల్వను పెంచుకుంటూ పోయారు. సెకనుకు ఒక మెగాబిట్ పైకి పంపే లైనుకు 256 కిలోబైట్ల నిల్వ తగిలించారనుకోండి. అది నిండాక, వెనక వచ్చిన మాట బయటికి పోవడానికి రెండు సెకన్లు పడుతుంది. 2010లో జిమ్ గెటిస్ అనే ఇంజినీరు తన ఇంట్లోనే దీన్ని గుర్తించి 'బఫర్‌బ్లోట్' అని పేరు పెట్టాడు.

మందు 2012లోనే దొరికింది. క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ కలిసి 'కోడెల్' రాశారు. క్యూ ఎంత పొడుగుందన్నది దానికి పట్టదు, అందులో ఎంతసేపు ఆగాల్సి వస్తోందన్నదే లెక్క. 100 మిల్లీసెకన్లపాటు ఎప్పుడు చూసినా ఆ ఆలస్యం 5 మిల్లీసెకన్లు దాటే ఉంటే ఒక ప్యాకెట్‌ను, అంటే డేటా ముక్కను, పారేస్తుంది. పంపేవాడు అది గమనించి వేగం తగ్గించుకుంటాడు. అదే ఏడు ఎరిక్ డుమజే దీనికి వేర్వేరు వరసలు జోడించి, 'ఎఫ్‌క్యూ-కోడెల్'గా లైనక్స్ 3.5లో చేర్చాడు. మిరపకాయల సీజన్‌లో మర దగ్గర బస్తాలతో వచ్చిన ఆసామిని ఒక్క నిమిషం ఆగమని, దోసెడు కాయలతో వచ్చిన పిల్లకు ముందు ఆడించి పంపేస్తారు చూడండి, అదే పద్ధతి. ఆసామికి పోయేదేమీ ఉండదు.

నాకు ఆసక్తి ఈ మందు కన్నా, అది రౌటర్ పెట్టెల్లోకి చేరిన తీరు మీద. డేవ్ టాట్ మొదలైనవాళ్లు 2011లో 'సెరోడబ్ల్యూఆర్‌టీ' అనే ప్రయోగాల రౌటర్ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు. ఊళ్లో ఉన్న ప్రతి రౌటర్ మీదా నడపాలని ఆశపడలేదు. ఒకట్రెండు నెట్‌గేర్ మోడళ్లు పట్టుకుని వాటినే విరగ్గొట్టి, బాగుచేసి, మళ్లీ విరగ్గొట్టారు. నిలిచిన మార్పును తమ దగ్గరే అట్టిపెట్టుకోలేదు. లైనక్స్‌కూ, రౌటర్లలో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీకీ పంపేశారు. 2014లో వచ్చిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 'బారియర్ బ్రేకర్'లో ఆ పనంతా కలిసిపోయాక, దుకాణం కట్టేశారు. మనవైపు ఏ ప్రాజెక్టయినా శిలాఫలకం లేకుండా పూర్తయిందా? నాకు వీళ్ల మీద గౌరవం అక్కడే. డేవ్ టాట్ 2025 ఏప్రిల్ 1న పోయాడు.

వైఫై వంతు ఇంకా ఆలస్యంగా వచ్చింది. వరండాలో పాత ఫోన్ ఒకటి నెమ్మదిగా మాట్లాడుతూ వైఫైలో పంపే సమయమంతా తినేస్తే ఇంట్లో అందరూ నెమ్మదిస్తారు. టోకె హోయ్‌లాండ్-యోర్గెన్సెన్ తదితరులు 2017లో దీనికి పరిష్కారం చూపించారు. డ్రైవర్ కోడ్ తెరిచి ఉన్న చిప్‌ల మీదే అది ముందు సాధ్యమైంది.

నేను పాత రౌటర్లకు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కిస్తుంటాను. నా బల్ల మీదున్న దాంట్లో ఇంకా పరీక్షలో ఉన్న రోజువారీ కూర్పు, స్నాప్‌షాట్, వేసుకుంటాను, చెడితే చెడుతుంది. ఇంకొకరి ఇంట్లో పెట్టేదాంట్లో మాత్రం స్టేబుల్ విడుదలే. గోదావరి గాలివానకు ఇక్కడ కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. పెట్టె ఎవరి చేయీ తగలకుండా లేచి పనిలో పడాలి. రిపేరు కోసం భద్రాచలం పోవాలంటే యాభై కిలోమీటర్ల పైమాటే. కొత్త సదుపాయం ఎంత గొప్పదైనా ఆ ఇంటి ఇల్లాలు రౌటర్ స్విచ్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే అది ఇంకా పూర్తికానట్టే లెక్క.

దుకాణంలో దొరికే రౌటర్ల సంగతి వేరు. చిప్ కంపెనీ ఏళ్ల కిందట ఇచ్చిన పాత లైనక్స్‌కే పైన రంగులు వేసి అమ్మేవి వాటిలో ఎన్నో. వేగం అంకె పెద్దదిగా కనిపించాలని డేటాను క్యూ నిర్వహణకు తగలకుండా పంపే ఏర్పాటూ కొన్నింట్లో ఉంటుంది. పదేళ్లు దాటిన మందు, ఉచితంగా దొరికేది, అట్టపెట్టె దాకా రాకపోవడం బద్ధకమే తప్ప సాంకేతిక సమస్య కాదు.

మీరే పరీక్షించుకోవచ్చు. ఒక ఫోన్‌లో వీడియోకాల్ పెట్టి, రెండో ఫోన్ నుంచి పెద్ద వీడియో అప్‌లోడ్ చెయ్యండి. మాట తెగితే, ఆపరేటర్ పెట్టె వెనక ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఉన్న రౌటర్ తగిలించి, అందులో క్యూను అదుపులో పెట్టే 'ఎస్‌క్యూఎమ్' ఆన్ చేసి, మీకు నిజంగా వచ్చే స్పీడ్‌లో 90 శాతం దగ్గర పరిమితి పెట్టండి. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్న పాత రౌటర్లకు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 19.07 తర్వాత కొత్త విడుదలలు రావు, అవి కొనకండి. పెద్ద ప్లాన్‌కు డబ్బు కట్టేది ఈ పరీక్ష అయ్యాకే.