కత్తెర కొన్నవారి చేతికి

గుడ్డ మీద కత్తెర పెట్టే ముందు నాకు ఇప్పటికీ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కోత తప్పితే గుడ్డ పోయినట్టే. కుట్టుపని తెలిసిన ప్రతివాళ్లకూ ఉండే భయమే ఇది. ఆ కోతనే ధైర్యంగా కొనేవాళ్లకు అప్పగించిన మనిషి కాబట్టే జపాన్ డిజైనర్ ఇస్సీ మియాకే అంటే నాకు అంత గౌరవం.

1998లో ఆయన, దాయ్ ఫుజివారా కలిసి ‘ఎ-పాక్’ పద్ధతి తెచ్చారు. కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే అల్లిక యంత్రానికి నూలు అందిస్తే పొడవాటి గొట్టంలా గుడ్డ దిగుతుంది. గౌను, మేజోళ్లు, టోపీ, సంచీ అన్నీ అందులోనే అల్లుకుని ఉంటాయి. ముందు పొర, వెనక పొర కలవాల్సిన చోట యంత్రమే కలిపేస్తుంది కనుక సూదితో పని లేదు. గుడ్డలోనే ఉన్న గీత వెంట కత్తిరిస్తే తొడుక్కోవడానికి సిద్ధం. మగ్గం మీద నేసిన గుడ్డను కోస్తే అంచున పోగులు జారిపోతాయి. ఇందులో అలా కాదు, పోగులు ఒకదాన్నొకటి మెలేసి పట్టుకుంటాయి. ఈ పద్ధతిని చూపిన పారిస్ ప్రదర్శనలో మోడళ్లు ఒకే ఎర్రటి గుడ్డతో ఒకరికొకరు కలిసి నడిచి వచ్చారు.

చేతులు మోచేతి దాకా చాలా, మణికట్టు దాకా ఉంచాలా? మెడ ఎంత దించాలి? ఇవన్నీ తొడుక్కునే మనిషే తేల్చుకోవాలి. ఒకే గుడ్డ కొన్న ఇద్దరు రెండు వేరు వేరు దుస్తులు వేసుకుంటారు.

యంత్రం అనగానే ఒకే అచ్చు సరుకు అని తీర్మానించేస్తాం. నేను ఒప్పుకోను. అన్నీ ఒకేలా ఉండాలన్నది అమ్మకం లెక్క, యంత్రం చెప్పిన పని చేస్తుంది అంతే. మియాకే ఆ యంత్రానికి చివరి నిర్ణయాన్ని ఖాళీగా వదలమని చెప్పారు. చీర కట్టే మనకు ఇది వింతేమీ కాదు. ఒకే చీర అయినా ఎవరి కట్టు వాళ్లదే కదా!

2022లో ఆయన కన్నుమూశారు. అయినా ఆయన ఆలోచనకు మన దగ్గర కూడా చోటుంది. సిరిసిల్ల మరమగ్గాల మీద దిగేది నేత గుడ్డ కాబట్టి ఇలాంటి ప్రయోగానికి అసలు చిక్కు జారిపోయే పోగే. హైదరాబాద్ నిఫ్ట్‌లో ఫ్యాషన్ చదివే పిల్లలు ఆ చిక్కును తమ ప్రాజెక్టుగా తీసుకోవాలి. తెర మీద గీసి ఊరుకోకండి. సిరిసిల్ల వెళ్లండి, మగ్గాలు నడిపే ఆసాములతో కూర్చోండి, మగ్గం ఆడుతుండగా చూసి అడగండి.