ఎంపిక ఉంది, ఆలోచన చెప్పేదెవరు? – డిగ్రీ విషయ నమోదుపై విమర్శనాత్మక పరిశీలన (సంతబొమ్మాళి ప్రాంత నేపథ్యం)

వ్యాస సంగ్రహం

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ ప్రవేశాలు 2020-21 నుంచి ఆన్‌లైన్ పద్ధతిలోకి, విషయాల కూర్పు 2023-24 నుంచి సింగిల్ మేజర్ విధానంలోకి మారాయి. ఈ మార్పులు ఎంపికను విద్యార్థి చేతికి ఇచ్చాయి. ఎంపికకు ముందు జరగవలసిన ఆలోచనకు మాత్రం వ్యవస్థలో తగిన చోటు ఏర్పడలేదు. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి ప్రాంతాన్ని నేపథ్యంగా, 'కన్యాశుల్కం'లోని గిరీశం పాత్రను పోలికగా తీసుకొని ఈ వెలితిని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: విషయ నమోదు, మేజర్-మైనర్, విద్యా సలహా, సంతబొమ్మాళి, గిరీశం, తెలుగు శాఖ.

1.0 ఉపోద్ఘాతం

సంతబొమ్మాళి టెక్కలిని ఆనుకొని ఉన్న తీర మండలం. ఒకవైపు నౌపడ ఉప్పు మళ్ళు, మరోవైపు సముద్రపు వేట. పైన ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలు. 2011 ఫిబ్రవరిలో థర్మల్ విద్యుత్ కేంద్రానికి వ్యతిరేకంగా సాగిన ఆందోళనలో పోలీసు కాల్పులు చూసిన కాకరాపల్లి ఈ మండలంలోనిదే. 2023 ఏప్రిల్‌లో ఓడరేవుకు శంకుస్థాపన జరిగిన మూలపేట కూడా ఇక్కడిదే. భూమి, నీరు, ఉపాధి అనే మూడింటి చుట్టూ తిరిగే ఈ ప్రాంతంలో చదువు అనేది కుటుంబం తన భవిష్యత్తుపై పెట్టే పెట్టుబడి.

ఇంటర్మీడియట్ ముగించిన ఇక్కడి విద్యార్థి డిగ్రీ కోసం టెక్కలి, పలాస, శ్రీకాకుళం వైపు చూస్తాడు. జిల్లాలోని డిగ్రీ చదువుకు కేంద్రం ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన డా. బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం. ఇంట్లో డిగ్రీ చదివినవారు అంతకుముందు లేని విద్యార్థి ఏ మేజర్ తీసుకోవాలో ఎవరితో ఆలోచించాలన్నది ఇక్కడి ప్రశ్న.

2.0 గ్రూపు నుంచి మేజర్‌కు

2022-23 వరకు డిగ్రీలో మూడు ప్రధాన విషయాల కూర్పు ఉండేది. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం కలిపి చదివినవారికి ఒక విషయం పట్టుబడకపోయినా మిగిలిన రెండు ఆసరాగా నిలిచేవి. పోస్టు గ్రాడ్యుయేషన్‌కు మూడింటిలో ఏదైనా దారి కావచ్చు. ఎంపికలోని పొరపాటును ఆ కూర్పే కొంత భరించేది.

2023-24లో వచ్చిన విధానంలో విద్యార్థి ఒక మేజర్‌లో చేరి, రెండో సెమిస్టర్ నుంచి ఒక మైనర్‌ను చదవాలి. లోతైన అధ్యయనానికి ఇది తోడ్పడుతుందన్న వాదనలో బలం ఉంది. అయితే లోతు పెరిగేకొద్దీ తప్పటడుగుకు చెల్లించే మూల్యమూ పెరుగుతుంది. బి.ఇడి.లో బోధనాపద్ధతి డిగ్రీలో చదివిన విషయాన్ని బట్టి నిర్ణయమవుతుంది. ఉపాధ్యాయ ఉద్యోగాన్నే పెద్ద ఆశగా పెట్టుకున్న కుటుంబానికి ఈ ఒక్క సంగతి మేజర్ ఎంపికకు ముందే తెలియాలి. మూడేళ్ళ తరువాత తెలిస్తే అది సమాచారం అనిపించుకోదు, తీర్పు అనిపించుకుంటుంది.

పదాల సంగతి కూడా గమనించదగినది. తెలుగు వాడుకలో 'మేజర్' అంటే పద్ధెనిమిదేళ్ళు నిండినవాడు, 'మైనర్' అంటే నిండనివాడు. డిగ్రీలో చేరేవారిలో చాలామంది పదిహేడు, పద్ధెనిమిదేళ్ళవారే. చట్టం దృష్టిలో ఇంకా మైనరుగా ఉన్న విద్యార్థి కూడా తన మేజర్‌ను తానే నిర్ణయించుకోవాలి. 'గ్రూపు' అనే మాట రెండు మూడు తరాలుగా గ్రామాల్లో పాతుకుపోయింది, 'ఏ గ్రూపు?' అని అడగని ఇల్లు లేదు. 'మేజర్', 'మైనర్', 'క్రెడిట్' అనే మాటలు అలా ఇంటి మాటలు కాలేదు. ఒక క్రెడిట్ అంటే పదిహేను గంటల తరగతి బోధన అని తల్లిదండ్రులకు తెలుగులో చెప్పిన సందర్భాలు అరుదు.

3.0 నమోదు తెర

ఆన్‌లైన్ ప్రవేశంలో దశలు స్పష్టంగా ఉన్నాయి: నమోదు, రుసుము, ధ్రువపత్రాల పరిశీలన, వెబ్ ఆప్షన్లు, సీటు కేటాయింపు. సిఫారసులకు తావు తగ్గించి, ప్రతిభకు, రిజర్వేషన్‌కు పారదర్శకత కల్పించడం ఈ పద్ధతి సాధించిన మేలు. అయితే ప్రతి దశలోనూ వ్యవస్థ విద్యార్థిని ఏదో ఒకటి అడుగుతుంది. విద్యార్థి వ్యవస్థను అడిగే దశ ఒక్కటీ లేదు.

ఇంట్లో కంప్యూటర్ లేని విద్యార్థికి ఆప్షన్లు పెట్టేది చాలాసార్లు నెట్ సెంటర్ నిర్వాహకుడే. అతని నైపుణ్యం దరఖాస్తు నింపడంలో ఉంది. ఆప్షన్ల వరుసక్రమమే సీటును నిర్ణయిస్తుందన్నది అతనికి తెలుసు. ఆ వరుసలో ఏది ముందుండాలో చెప్పడం అతని పని కాదు. పక్కన నిలబడిన స్నేహితుడు పెట్టిన కోర్సే తన కోర్సు అవుతుంది. చీకటి పడేలోగా ఇంటికి చేర్చే బస్సు ఉన్న కళాశాలే ఆడపిల్లకు మొదటి ఆప్షన్ అవుతుంది. కోరిన మేజర్‌లో తగినంతమంది చేరకపోతే అది నడవదు. అప్పుడు మరో మేజర్‌కు మారక తప్పదు. తెరపై 'ఎంపిక' అని కనిపించేదానిలో దూరం, ఖర్చు, భయం కలిసి ఉంటాయి.

4.0 గిరీశం: సలహాదారు వేషం

చదువుపై ఆశ, చదువు గురించి తెలియనితనం కలిసినచోట ఎవరు సలహాదారు అవుతారో గురజాడ ముందే చూపాడు. 1897లో తొలి కూర్పుగా, 1909లో మలికూర్పుగా వచ్చిన 'కన్యాశుల్కం'లో పరీక్ష తప్పిన వెంకటేశానికి చదువు చెప్పే నెపంతో గిరీశం కృష్ణరాయపురం అగ్రహారం చేరతాడు. తల్లి ముచ్చట తీర్చడానికి గురుశిష్యులు ఇంగ్లీషులో మాట్లాడతారు. ఆ మాటలకు పొంతన లేదు. అది పట్టుకోవడానికి కావలసిన భాష ఆ తల్లికి లేదు.

ఈ సన్నివేశాన్ని సాధారణంగా హాస్యంగా, ఇంగ్లీషు మోజుపై వ్యంగ్యంగా చదువుతారు. సలహా దృష్టితో చూస్తే ఇందులో మరో అంశం కనిపిస్తుంది. గిరీశం బలం అతని వాగ్ధాటిలోనే లేదు. కొడుకు ఏం చదువుతున్నాడో తల్లిదండ్రులు తమ భాషలో అడిగి తెలుసుకునే మార్గం లేకపోవడంలో ఆ బలం ఉంది. ఆ మార్గం మూసి ఉన్నంతకాలం గిరీశాలు ఏదో ఒక రూపంలో పుడుతూనే ఉంటారు. నేడు ప్రవేశాల కాలంలో ఊరూరా పంచే రంగుల కరపత్రం అలాంటి ఒక రూపం.

5.0 అధ్యాపకుని సందిగ్ధత

ఎంపికా సలహా జంటగా రావాలన్నది విశ్వవిద్యాలయ చరిత్ర నేర్పిన పాఠం. హార్వర్డ్‌లో 1869 నుంచి 1909 వరకు అధ్యక్షుడుగా ఉన్న చార్లెస్ ఎలియట్ విద్యార్థికి విషయ స్వేచ్ఛను విస్తారంగా ఇచ్చాడు. విద్యార్థులు తేలిక విషయాలను ఏరుకుంటున్నారన్న విమర్శ బలపడింది. తరువాత వచ్చిన లోవెల్ ఆ స్వేచ్ఛకు ఒక క్రమాన్ని విధించాడు.

మన కళాశాలల్లోనూ మెంటర్ వ్యవస్థ ఉంది. ఎందరు విద్యార్థులకు ఒక మెంటర్ అన్న నిష్పత్తిని న్యాక్ అడుగుతుంది. కళాశాలలు చూపుతాయి. అయితే మెంటర్ విద్యార్థికి చేరువయ్యేది చేరిక తరువాత. మేజర్ అప్పటికే ఖరారై ఉంటుంది.

చేరికకు ముందు విద్యార్థి ఇంటికి వెళ్ళే అధ్యాపకుడు ప్రవేశాల ప్రచారకుడుగా వెళ్తాడు. తన విషయంలో చేరేవారిని బట్టే అతని పనిభారం, శాఖ మనుగడ ఉంటాయి. అలాంటి స్థితిలో 'నీకు ఈ విషయం తగదు' అని చెప్పడం కష్టం. తెలుగు శాఖలకు ఈ సందిగ్ధత మరింత తీవ్రం. పాత కూర్పులో స్పెషల్ తెలుగు మూడింటిలో ఒకటిగా చేరేది. ఇప్పుడు ఒక విద్యార్థి తన మొత్తం డిగ్రీని తెలుగుపై నిలపాలి. శాఖను కాపాడుకోవాలన్న న్యాయమైన ఆరాటం, విద్యార్థికి నిజం చెప్పాలన్న ధర్మం ఒకే అధ్యాపకుని గొంతులో కలుస్తున్నాయి. ఈ రెండింటినీ వేరు చేయకుండా తెలుగు మేజర్ గురించి జరిగే చర్చ అసంపూర్ణం.

6.0 ముగింపు

తెలుగులో 'సలహా ఇవ్వడం' కంటే 'ఆలోచన చెప్పడం' అనే పలుకుబడి అర్థవంతమైనది. అందులో ఎదుటివారి స్థితిలో నిలబడి ఆలోచించడం ఉంది. ఈ పని వెబ్ ఆప్షన్లకు ముందు, ఇంటర్మీడియట్ రెండో సంవత్సరంలోనే, మండల స్థాయిలో జరగాలి. ఇందుకు మూడు పనులు అవసరం.

మొదటిది, ప్రతి మేజర్‌కూ తెలుగులో ఒక పుట వివరణ: ఏం చదువుతారు, ఆ కళాశాలలో దొరికే మైనర్‌లు ఏవి, ఏ పోస్టు గ్రాడ్యుయేషన్‌కు, ఏ బోధనాపద్ధతికి అర్హత వస్తుంది. రెండవది, ఆలోచన చెప్పే అధ్యాపకుణ్ణి ప్రవేశాల లక్ష్యం నుంచి విడిపించడం. మూడవది, తొలి సెమిస్టర్ చివర మేజర్‌ను పునరాలోచించుకునే అవకాశాన్ని విద్యార్థికి స్పష్టంగా తెలపడం, సీట్లున్నచోట దానిని అమలు చేయడం.

మూలపేట ఓడరేవుకు ఏ చదువు పనికొస్తుంది, కిడ్నీ వ్యాధి పీడిస్తున్న ఉద్దానానికి ఎలాంటి ఆరోగ్య సిబ్బంది కావాలి అన్న ప్రశ్నలు సంతబొమ్మాళి విద్యార్థికి దూరపు విషయాలు కావు. వాటికి తన మేజర్‌తో ఉన్న సంబంధాన్ని అతనికి తెలిసిన భాషలో విప్పి చెప్పినప్పుడే ఆప్షన్ల వరుస అతని సొంత నిర్ణయమవుతుంది.