శేషంతో వేసిన గట్టు

క్లౌడ్‌లో సర్వర్ అద్దెకు తీసుకుంటే చాలాసార్లు దక్కేది ఒక వర్చువల్ మెషీన్. అదే కంప్యూటర్ మీద మరెవరెవరివో మెషీన్లు కూడా నడుస్తుంటాయి. ఒకరి మెమరీ జోలికి మరొకరు పోలేరన్న భరోసా మీదే ఈ వ్యాపారమంతా నిలిచింది. 2015 మే 13న బయటపెట్టిన 'వెనమ్' లోపం ఆ భరోసాకే గండి కొట్టగలిగేది. అప్పట్లో భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్‌లో పనిచేస్తున్న జేసన్ గెఫ్నర్ దాన్ని పట్టుకున్నారు. అది దాగి ఉన్నది వర్చువల్ మెషీన్లను నడిపే క్యూఎము అనే సాఫ్ట్‌వేర్‌లోని ఫ్లాపీ కంట్రోలర్ కోడ్‌లో. 2004 నుంచీ ఎవరి కంటా పడలేదు. అలాంటివే అయిన జెన్, కేవీఎం, వర్చువల్‌బాక్స్ అన్నీ ఆ కోడ్‌నే వాడుకున్నాయి.

లోపం గురించి అప్పట్లో పత్రికలు బాగానే రాశాయి. నన్ను కట్టిపడేసింది మాత్రం దాన్ని సరిచేసిన తీరు.

గెస్ట్, అంటే లోపల నడిచే వర్చువల్ మెషీన్, పంపే ఆదేశాన్ని ఫ్లాపీ కంట్రోలర్ ఒక్కో బైటుగా 512 బైట్ల బఫర్‌లో వేసుకుంటుంది. ఎన్నో బైటు దగ్గరున్నామో ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క రావలసిన మొత్తానికి సరిగ్గా సమానమైనప్పుడు ఆదేశం నడుస్తుంది, లెక్క మళ్లీ సున్నాకు వస్తుంది. రెండు ఆదేశాలే ఈ పద్ధతి తప్పాయి. రీడ్ ఐడీ అనే ఆదేశం నిజమైన డిస్క్ తిరగడానికి పట్టే ఆలస్యాన్ని అనుకరిస్తూ, 1/50 సెకను తర్వాత గానీ లెక్కను సున్నా చేయదు. డ్రైవ్ స్పెసిఫికేషన్ అనే రెండోదానికి చివరి బైటులో పై బిట్ లేకుండా పంపితే అసలు సున్నాయే చేయదు. ఆరు బైట్లు దాటి ఏడోది వచ్చిందా, ఇక 'సమానమా' అన్న ప్రశ్నకు ఎప్పటికీ అవుననే జవాబు రాదు. గెస్ట్ పంపుతూనే ఉంటుంది, బైట్లు 512 దాటి హోస్ట్, అంటే అసలు కంప్యూటర్, మెమరీలోకి పొర్లుతాయి.

రెడ్ హ్యాట్ ఇంజనీరు పెట్ర్ మటౌషెక్ ఆ రెండు ఆదేశాల వెంట పడలేదు. బైటు బఫర్‌లో పడే చోటికే వెళ్లారు. లెక్కను 512తో భాగించి, వచ్చిన శేషాన్నే స్థానంగా తీసుకోమన్నారు. లెక్క 512 అయితే స్థానం మళ్లీ సున్నా, 513 అయితే మళ్లీ ఒకటి. గెస్ట్ ఎంత పంపినా గట్టు దాటదు. ఇందులో చూడవలసిన సొగసు ఇంకోటుంది: ఈ భాగహారం ఆ ఫైల్లో ముందే ఉంది. డేటా చదివే, రాసే దారిలో పాత ప్రోగ్రామరు రాసి పెట్టినదే. ఆదేశాల దారికి మాత్రం అది లేదు. మటౌషెక్ దాన్ని చదవడంలోనూ, రాయడంలోనూ డేటా దారీ ఆదేశాల దారీ విడిపోకముందున్న చోటికి, పైకి జరిపారు. డ్రైవ్ స్పెసిఫికేషన్ వెనక్కి తిరిగి తన చివరి బైటును చూసుకునే చోట కూడా అదే కట్టుబాటు పెట్టారు. ఆ మూడో చోటును మరిచిపోని శ్రద్ధకు నేను చేతులెత్తి మొక్కుతాను. తొందరలో ఉన్నవారు చదివే దారి, రాసే దారి మూసేసి ఊపిరి పీల్చుకునేవారు.

లెక్క సున్నా కాకపోవడం అలాగే ఉండిపోయింది కదా, ఇది పైపూత కాదా అని అడగవచ్చు. నా దృష్టిలో కాదు. ఆదేశాల నడక మారిస్తే పాత గెస్ట్‌లలోని డ్రైవర్లకు ఏం ముంచుకొస్తుందో చెప్పలేం. పైగా పదకొండేళ్ల వెర్షన్లకు, ఎన్నో లినక్స్ డిస్ట్రిబ్యూషన్లకు ఒకేసారి ఎక్కించవలసిన ప్యాచ్ అది. చిన్నదైతేనే అన్నిటా ఇముడుతుంది. ఇప్పుడు గెస్ట్ మొండిగా బైట్లు పంపితే చెడేది దాని సొంత ఫ్లాపీ బఫరే.