‘అస్తు’ మరాఠీ చిత్రం: మరపు, భాష, సంరక్షకురాలు

వృద్ధులు అన్నమాటే మళ్ళీ అంటే తెలుగు ఇళ్ళలో ‘చాదస్తం’ అంటారు. ఈ మాటకు మూలం ‘ఛాందసం’. ఛందస్సు అంటే వేదం. వేదాధ్యయనం చేసినవాడు ఛాందసుడు. పండితునికి చెందిన పదం క్రమంగా ముసలితనపు మతి తప్పడానికి పేరైంది. ఈ అర్థవిపరిణామాన్ని జ్ఞప్తికి తెచ్చే చిత్రం ‘అస్తు’ (2013). సుమిత్రా భావే, సునీల్ సుక్‌తణ్‌కర్ దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో కథానాయకుడు చక్రపాణి శాస్త్రి అల్జీమర్స్‌కు లోనైన విశ్రాంత సంస్కృత ఆచార్యుడు. ఆ పాత్రధారి మోహన్ అగాషే స్వయంగా మనోవైద్యుడు.

కూతురు ఇరా కారు దిగి వెళ్ళిన కొద్దిసేపటిలో శాస్త్రి వీధిలో పోతున్న ఏనుగు వెంట నడిచి తప్పిపోతాడు. మావటి భార్య, కన్నడం మాట్లాడే చెన్నమ్మ అతనిని చేరదీస్తుంది. ఆమెను అతడు తల్లి అనుకొంటాడు. ఈ పాత్రకుగాను అమృతా సుభాష్ 61వ జాతీయ పురస్కారాలలో ఉత్తమ సహాయనటిగా ఎంపికైంది.

మరాఠీ పండితుడు, కన్నడ స్త్రీ ఎదురుపడే ఈ దృశ్యాలు బాన్సువాడ డివిజన్‌లోని డోంగ్లి ప్రేక్షకునికి వింతగా తోచవు. మహారాష్ట్ర సరిహద్దును ఆనుకొన్న ఈ ప్రాంతంలో తెలుగుతోపాటు మరాఠీ, కన్నడం చెవినపడుతూనే ఉంటాయి. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలను ప్రకటించింది. ఒకే భాష తెలిసినవారికంటే ద్విభాషులలో వ్యాధి సగటున నాలుగున్నరేండ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించింది. సరిహద్దు పల్లెలకు ఇది ఊరట కలిగించే విషయమే. అయితే వ్యాధి వచ్చిన తరువాతి సంగతి వేరు. మరాఠీ పుట్టింటినుండి వచ్చిన ఇల్లాలు వృద్ధాప్యంలో తెలుగు మరచి చిన్ననాటి మాటకు మరలితే, ఆమెది దాహమో నొప్పో భయమో తెలుసుకోవలసిన మనుమలకు ఆ భాష రాకపోవచ్చు. చెన్నమ్మ అతని మాటల అర్థంకంటే ముఖం, ఆకలి, బెదురు చూసి స్పందిస్తుంది. రోగి అవసరాన్ని ఈ చిత్రం ఇంత సూక్ష్మంగా పట్టుకొన్నది ఇక్కడే.

సంరక్షకురాలి విషయంలో మాత్రం చిత్రదృష్టి అసంపూర్ణం. చెన్నమ్మకు శాస్త్రి పూర్వరూపం తెలియదు. అందుచేత ఆమె కోల్పోయినదేమీ లేదు. పైగా ఆమె సేవ కొద్దికాలానిది. ఇరా తండ్రి పాండిత్యాన్ని ఎరిగినది. అది కళ్ళముందే కరగిపోతుండగా ఏండ్లతరబడి చూడవలసినది. ఈ ఇద్దరినీ ఒకే తూకంలో తూచడం న్యాయం కాదు. (పేద స్త్రీని సహజమాతగా నిలిపే మన కథల అలవాటు కూడా ఇక్కడ కొంత పనిచేసింది, ఆమెకున్న బ్రతుకుభారం ఆ కాంతిలో పలుచబడింది.) ‘అస్తు’ అన్నది లోట్ లకార రూపం, ఆశీస్సుకూ ఆజ్ఞకూ అదే రూపం చెల్లుతుంది. చెన్నమ్మ వైపునుండి అది ఆశీస్సుగానే వినిపిస్తుంది. ఇరాకు మాత్రం ‘ఉన్నదానిని అంగీకరించు’ అనే ఆజ్ఞ అవుతుంది.

కథానిర్మాణం దీనిని మరింత బిగించింది. ఆమె తండ్రిని విడిచి వెళ్ళిన ఆ కొద్ది నిమిషాలే అనర్థానికంతటికీ కారణం. ఇరా దుఃఖంపట్ల దర్శకులకు సానుభూతి లేదనలేము. కానీ ఆ నిమిషాలు ఆమెకు అవసరమైనవని, ఆ సమయంలో శాస్త్రి దగ్గర ఎవరు ఉండాలన్నది ఆమె ఒక్కతే మోయవలసిన ప్రశ్న కాదని చిత్రం గట్టిగా అడగదు.