ద్వీపవాసుల తామ్రఫలక చిత్రములు: నామవిచారము

చిత్రములను గూర్చి వైయాకరణుఁ డేల వ్రాయవలయునని కొందఱు శంకింపవచ్చును. చిత్రము క్రింద నొక పేరున్నంతవఱకు నది శబ్దశాస్త్రమునకును విషయమే యగును.

ఆంగ్లేయ నావికుఁడు జేమ్స్ కుక్కు పసిఫిక్ మహాసముద్రమునఁ జేసిన రెండవ యాత్రలో (1772–1775) విలియం హాడ్జెసను చిత్రకారుఁడు వెంటనుండి ద్వీపవాసుల రూపములను వ్రాసెను. అందుఁ బెక్కు ఎఱ్ఱసుద్దతో వ్రాసినవి. అవి రాగిరేకులపైఁ జెక్కఁబడి 1777లోఁ గుక్కు యాత్రాగ్రంథమున వెలువడినవి. ఈ హాడ్జెసు మనకుఁ గేవల మపరిచితుఁడు కాఁడు. 1780లోఁ జెన్నపట్టణమునకు వచ్చి, హైదరాలీ దండయాత్ర వలన లోనాడులు చూడ వీలుపడక, మఱుసటి యేఁడు బంగాళమునకుఁ దరలెను.

యశోధరుఁడు కామసూత్రవ్యాఖ్యయందుఁ జిత్రమునకుఁ జెప్పిన యాఱంగములలో సాదృశ్యము, లావణ్యయోజనము ననునవి రెండు. హాడ్జెసు సుద్దగీఁతలలో సాదృశ్యము ప్రధానము. చెక్కుడువాఁడు ద్వీపమును జూచినవాఁడు కాఁడు. వానికి లావణ్యమే ప్రధానమయ్యెను. మఱియు, చెక్కునపుడు రూపమును ద్రిప్పి వ్రాయకున్న నచ్చులో వామము దక్షిణమగును; ఎడమచెంపనున్న పచ్చబొట్టు కుడిచెంపకుఁ బోవును. అదే యాత్రలో నున్న జార్జి ఫార్‌స్టరు తన 1777 నాఁటి గ్రంథమున, షెర్విను చెక్కిన మిడిల్‌బర్గు ద్వీపావతరణ చిత్రమునందలి జనులకు గ్రీకుల యవయవములును, బురాతనుల జాఱువస్త్రములును బెట్టఁబడెనని దూషించెను. కన్నులారఁ జూచినవాఁడు చేసిన యీ విమర్శ ప్రమాణముగఁ గొనఁదగినది.

ఇఁక నామములు. “న్యూ కెలడోనియా పురుషుఁడు”, “తన్నాద్వీప స్త్రీ” యని చిత్రముల క్రింద నున్నది. పదార్థము ద్రవ్యమని వ్యాడియు, నాకృతి యని వాజప్యాయనుఁడును జెప్పిరి. భాష్యకారుఁడు రెంటిని నంగీకరించెను. ఈ చిత్రములలోఁ బేరు జాతిని జెప్పుచున్నది, రూపము వ్యక్తిని జూపుచున్నది. ఆ నుదుటి ముడుత, యా చెవిపోఁగు, యా చూపులోని యనుమానము ద్వీపమునకెల్ల నుండునవి కావు, ఒక్కనివే. చిత్రకారుని యెదుటఁ గూర్చున్న యా యొక్కనికి నొక పేరుండెను. అది యచ్చునకు రాలేదు.

పేరు వచ్చినచోట మఱియొక దోషము. తహితి భాషలో “ఓ” యనునది నామమునకు ముందు వచ్చు నిపాతము. నామములోని భాగము కాదు. “ఎవఁడు?” అనఁగా “ఓ మాయి” యని యుత్తరము. దానిని “ఒమాయి” యని యేకపదము గావించిరి. రాజగు తూ “ఒటూ” యయ్యెను. తహితి “ఒటహైటి” యయ్యెను. మన యూరివాఁడు “ఇది బేతంచెర్ల” యనఁగా “ఇదిబేతంచెర్ల” యని వ్రాసికొనుట యెట్టిదో యిదియు నట్టిదే. ఫ్రెంచి నావికుఁడు బూగన్‌విల్లు 1771 నాఁటి గ్రంథమున నిపాతమును విడిచి “తైతి” యనియే వ్రాసెను గనుక, నీ పదవిభాగ మా కాలమున నసాధ్యమని చెప్పరాదు.

“ఆ చిత్రములు జాతుల నెఱిఁగించుటకే వ్రాయఁబడినవి, వ్యక్తి నామముతో నేమి పని?” యని పూర్వపక్షము. అట్లయినచో రాజునకు మాత్రము పేరేల యీయవలయును? లండనునకు 1774లోఁ బోయి కీర్తిఁ గొన్న మాయి కేల యీయవలయును? అధికారమో ప్రసిద్ధియో కలవాఁడు వ్యక్తి యనియు, దక్కినవాఁడు జాతి యనియు నేర్పఱచుట శాస్త్రము కాదు, పక్షపాతము.

ఈ దోషము ద్వీపములకే చెల్లదు. థర్‌స్టను 1909లో నేడు సంపుటములుగఁ బ్రకటించిన దక్షిణదేశ కులవర్ణన గ్రంథమందలి ఛాయాచిత్రములలోను బెక్కింటికి గులనామమే పేరు. మా బేతంచెర్లలో నాపరాతి పలకపై నక్షరములు చెక్కించువాఁడు మొదట నడుగునది పేరే. మా జిల్లా యందలి నల్లమలలోఁ జెంచులున్నారు. వారి రూపము నెవఁడేని పుస్తకమున వేసి “చెంచు పురుషుఁడు” అని మాత్రము వ్రాసిన, నా వ్రాసినవాఁడు వానిఁ బేరడుగలేదని యర్థము.

కావున నిట్టి చిత్రములను బాఠశాలలలోఁ జూపు పండితులు, పేరున్నచోట నిపాతమును విడఁదీసి పలుకుటయు, పేరు లేనిచోట “పేరు వ్రాయఁబడని యొక పురుషుఁడు” అని చెప్పుటయు నుచితము. విద్యార్థి యప్పుడు ఆకృతిని దాఁటి ద్రవ్యమును జూచును.