చేతినడిగి కొనాల్సిన వస్తువు

డాలస్ ఉత్తరపు శివార్లలో మన వాళ్ల ఇళ్లలో ఈ మధ్య ఒక కొత్త కానుక చూస్తున్నాను. పుట్టినరోజుకో పెళ్లిరోజుకో భర్త భార్యకు పిస్టల్ కొనిపెడుతున్నాడు. పెట్టె తెరిచి చూసి ఆవిడ "బాగుందండీ" అంటుంది. ఆ తర్వాత అది బీరువాలోకి, పట్టుచీరల కిందికి చేరుతుంది. నగలకైనా ఏడాదికి రెండు పెళ్లిళ్లప్పుడు గాలి తగులుతుంది. దీనికి ఆ యోగం కూడా ఉండదు.

మాది టెక్సాస్. 2021 సెప్టెంబర్ 1 నుంచి ఇక్కడ 21 ఏళ్లు నిండి, చట్టపరంగా అడ్డంకులేవీ లేని వాళ్లెవరైనా లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట పెట్టుకుని తిరగొచ్చు. పాత లైసెన్సూ ఉంది, కావాలనుకున్నవాళ్లు తీసుకుంటారు. దాని పరీక్షలో 3, 7, 15 గజాల దూరాల నుంచి మొత్తం 50 తూటాలు కాల్చాలి. 250 మార్కులకు 175 వస్తే పాసు. ఎదురుగా కదలకుండా నిలబడ్డ కాగితాన్ని, వెలుగులో కాల్చడమది. ఎన్నికల కోడ్ వచ్చిందంటే లైసెన్సున్న తుపాకిని కూడా పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునే ఊళ్లలో పెరిగాం మేం. ఈ స్వేచ్ఛ నాకు ఇప్పటికీ కొంచెం బెరుకే.

మా ఇంటి ఆడవాళ్లు ఒక్కొక్కరే, తామూ పిస్టల్ కొనాలా అని నన్నడగడం మొదలుపెట్టారు. తోడికోడలు అడిగింది, మేనకోడలు అడిగింది, ఆఖరికి వదిన కూడా ఓ రోజు ఫోన్ చేసి గొంతు తగ్గించి అడిగింది. నేను శిక్షకురాలిని కాదు. కొన్నేళ్లుగా షూటింగ్ రేంజ్‌కి వెళ్తున్నదాన్ని, అంతే. అడిగిన వాళ్లందరినీ ముందు ఒకటే అడుగుతాను: నీ భయం ఎవరి గురించి?

జవాబులు ఒక్కలా ఉండవు. మా తోడికోడలు వాళ్లకు గ్యాస్ స్టేషన్ ఉంది. రాత్రి కౌంటర్ మూసి, డబ్బు లెక్కపెట్టి, చీకట్లో కారు దాకా నడవాలి. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. స్టోర్లలో పనిచేసే మన పిల్లలు దోపిడీల్లో ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు ఇక్కడి తెలుగువాళ్లందరం చదివాం. మేనకోడలు ఒంటరిగా అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది, రాత్రి షిఫ్టులు. వదినకు మాత్రం ఫలానా అని ఏమీ లేదు. పక్కింట్లో అందరికీ ఉంది కాబట్టి తనకూ ఉండాలేమో అన్న అనుమానం. ఇక నాలుగో రకం జవాబు బంధువుల్లో కాదు, బయట విన్నాను. ఆ భయం ఇంట్లో మనిషి గురించి. అక్కడ పిస్టల్ మాట ఎత్తనే కూడదు. ఒకే కప్పు కింద ఉన్న తుపాకి ముందు ఎవరి చేతికి వస్తుందో ఎవరూ చెప్పలేరు. అలాంటి వాళ్లకు కావాల్సింది లాయరు, పోలీసు, తలదాచుకునే చోటు.

ఇంకో సంగతి గన్ షాపు గుమ్మం ఎక్కకముందే తేల్చుకోవాలి. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు, హెచ్-4 మీద ఉన్న భార్యలు, ఎఫ్-1 విద్యార్థులు మామూలుగా తుపాకి కొనడానికి లేదు, దగ్గర పెట్టుకోవడానికీ లేదు. ఫెడరల్ చట్టం అది, ఏ రాష్ట్రానికి మారినా వర్తిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు లాంటివి కొన్ని ఉన్నాయి. కానీ వాటిని నమ్ముకునే ముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడాలి, వాట్సాప్ గ్రూపుతో కాదు. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకు ఈ చిక్కు లేదు. మరి ఇంట్లో కూతురు సిటిజన్, తండ్రి ఇంకా వీసా మీద ఉన్నాడనుకోండి. అప్పుడు సేఫ్ తాళం ఎవరి దగ్గరుందన్నదీ చట్టం ముందు ప్రశ్నే.

ఇక ఎంపిక. గాజులు కొనాలంటే చెయ్యి తీసుకెళ్లాలి కదా. పిస్టల్‌కూ అంతే. అయినా ఈ దేశంలో దశాబ్దాలుగా ఆడవాళ్ల చేతులకు కొలతలు మగవాళ్లే ఊహిస్తున్నారు. స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 1900ల మొదట్లోనే లేడీస్మిత్ పేరుతో అరచేతిలో ఇమిడిపోయే .22 రివాల్వర్ తెచ్చింది. కొంతకాలానికి ఆపేసి, 1989లో అదే పేరును మళ్లీ పైకి తీసింది. మన దేశంలో 2014 జనవరిలో కాన్పూర్ ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ మహిళల కోసమంటూ నిర్భీక్ అనే .32 రివాల్వర్ విడుదల చేసింది. ఢిల్లీ నిర్భయ ఘటన జరిగి ఏడాది దాటింది అప్పటికి. బరువు అర కిలో, వెల రూ. 1.22 లక్షలకు పైనే. నగల పెట్టె లాంటి పెట్టెలో పెట్టి అమ్మారు. సిటీ బస్సు దిగి చీకట్లో ఇంటికి నడిచే అమ్మాయికి ఆ వెల ఎక్కడ అందుతుంది?

ఇక్కడి గన్ షాపులో ఆడమనిషి నిలబడగానే కౌంటర్ వెనకాయన చెయ్యి తనంతట అదే చిన్న రివాల్వర్ల వైపు వెళ్తుంది. తేలిక, ముద్దుగా ఉంటుంది, హ్యాండ్‌బ్యాగులో పడుతుంది అంటాడు. అన్నీ నిజమే. ఆయన చెప్పనిది ఏమిటంటే, తుపాకి తేలికయ్యేకొద్దీ తన్ను ఎక్కువవుతుంది. తూటా ముందుకు తోసుకుపోయేటప్పుడు అదే ఊపు వెనక్కీ వస్తుంది. తుపాకి బరువుంటే ఆ ఊపులో కొంత అదే మింగేస్తుంది, లేకపోతే మొత్తం మణికట్టు మింగాలి. అల్యూమినియం మిశ్రమంతో చేసిన ఐదు గుళ్ల చిన్న రివాల్వర్ 15 ఔన్సులు, అంటే 425 గ్రాములు కూడా సరిగా ఉండదు. అందులో .38 తూటా పేలిస్తే బొటనవేలి మొదట్లో చురుక్కుమంటుంది. పైగా ట్రిగ్గర్ నొక్కాలంటే సుమారు 12 పౌండ్ల బలం కావాలి. అంత బలంతో వేలు లాగుతుంటే గొట్టం చివర పక్కకు జరగకుండా పట్టడం చాలా సాధన చేసినవాళ్లకే కష్టం. మొదటి రోజే దాన్ని చేతికిస్తే నాలుగు గుళ్లు కాల్చి "నా వల్ల కాదక్కా" అంటారు. వాళ్ల వల్ల కానిది తుపాకి కాదు, ఆ తుపాకి.

మేనకోడల్ని షాపుకి తీసుకెళ్లకుండా ముందు రేంజ్‌కి తీసుకెళ్లాను. అద్దెకు ఇచ్చే పిస్టళ్లుంటాయి అక్కడ. ఖాళీదని శిక్షకుడూ తనూ విడివిడిగా చూసుకున్నాక, పట్టుకోమన్నాం. చూడాల్సింది రెండే: గొట్టం ముంజేతి ఎముకకు వరసలో ఉందా, ఆ పట్టు సడలకుండానే చూపుడు వేలి మెత్తటి భాగం ట్రిగ్గర్‌కు అందుతోందా. వేలి కొస మాత్రమే తగిలితే ఆ పిడి పెద్దదైనట్టు. వేలు రెండో కణుపు దాకా దూరిపోతే చిన్నదైనట్టు. మార్కెట్‌లో పేరున్న ఒక పిస్టల్ ఈ పరీక్షలో తప్పింది. అంత పేరు లేనిది, పిడి సన్నగా ఉన్నది, నెగ్గింది. పిల్ల వేళ్లు సన్నవీ పొట్టివీ, మా అత్తగారి పోలిక.

రెండో తగాదా స్లైడ్‌తో. తూటా చాంబర్లోకి ఎక్కాలంటే పిస్టల్ పైభాగాన్ని వెనక్కి లాగి వదలాలి. ఆడవాళ్లకు అంత బలం ఉండదు, అందుకే రివాల్వర్ అని షాపువాళ్లు అంటారు. తోడికోడలు కూడా మొదట రెండు వేళ్లతో గిల్లినట్టు పట్టుకుని లాగి, రాలేదని వదిలేసింది. శిక్షకుడు పిస్టల్‌ను గుండెకు దగ్గరగా తెప్పించాడు, గొట్టం మాత్రం టార్గెట్ వైపే. ఎడమ అరచేయి మొత్తం స్లైడ్ మీద కప్పి బిగించమన్నాడు. అది అక్కడే ఉంచి, కుడిచేత్తో పిడిని ముందుకు తొయ్యమన్నాడు. లాగడం కాదు, తొయ్యడం. టక్కుమని వెళ్లింది. రోజూ సోడా క్రేట్లు మోసే మనిషి ఆవిడ, బలానికేం లోటు! కీళ్లవాతం ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకోసమే స్ప్రింగు మెత్తగా ఉండే పిస్టళ్లు వచ్చాయి. 2018లో వచ్చిన షీల్డ్ ఈజీ వాటిలో ఒకటి. మా వదిన వేళ్లకు అదొక్కటే లొంగింది.

నేర్చుకోవడం .22తో మొదలుపెట్టమని నా పట్టుదల. తన్ను దాదాపు ఉండదు, తూటా చవక, ఒక పూటలో వంద కాల్చినా మణికట్టు నొప్పెట్టదు. "అది పిల్లలు ఆడుకునేది కదా" అని మా వారు ఒకసారి నవ్వారు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ విభాగంలో వెండి పతకం తెచ్చింది .22తోనే అని చెప్పాను. నవ్వు ఆగింది. ఆత్మరక్షణకు .22 చాలదనే వాదన వేరు, అందులో బలముంది. కానీ చప్పుడుకి కళ్లు మూసుకుపోవడం, పేలకముందే చెయ్యి కిందికి వంగిపోవడం అనే రెండు అలవాట్లు 9 ఎంఎంతో మొదలుపెట్టిన వాళ్లకు తొందరగా అంటుకుంటాయి, ఒక పట్టాన వదలవు.

భర్తలు నేర్పడం గురించి ఒక మాట. వద్దు. కారు డ్రైవింగ్ నేర్పినప్పుడు ఇంట్లో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి చాలు. పక్కన నిలబడి ప్రతి తూటాకూ వ్యాఖ్యానం చేస్తుంటే భార్య గురి టార్గెట్ మీద నిలవదు, ఆయన మీదికి మళ్లుతుంది. ఆడవాళ్లు ఆడవాళ్లకు నేర్పడం ఈ దేశానికి కొత్తా కాదు. వైల్డ్ వెస్ట్ ప్రదర్శనల్లో అమెరికా, యూరప్ తిరిగిన ఆనీ ఓక్లీ, 1898లో స్పెయిన్‌తో యుద్ధం రాబోతుంటే, 50 మంది గురితప్పని ఆడవాళ్లను ఇస్తానని ప్రెసిడెంట్ మెకిన్లీకి ఉత్తరం రాసింది. ఆయన ఒప్పుకోలేదు. వయసు మళ్లాక ఆవిడ నార్త్ కరోలినాలోని పైన్‌హర్స్ట్‌లో కూర్చుని ఆడవాళ్లకు తుపాకి పాఠాలు చెప్పింది.

తుపాకి ఎప్పుడూ నిండుగానే ఉందనుకోవాలి, కాల్చదలచుకోని దానివైపు గొట్టం తిప్పకూడదు, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు, గురి వెనక ఏముందో తెలియాలి. ఈ నాలుగూ ఏ రేంజ్‌లోనైనా గోడమీద ఉంటాయి. గోడమీద ఉండనివి నేను చెబుతాను. మెడ వెడల్పుగా ఉన్న కుర్తీ వేసుకుని రావద్దు: పేలిన తూటా తొడుగు కాలే ఇత్తడిముక్కై ఎగిరి మెడలోంచి లోపల పడుతుంది, పడగానే మనిషి ఎగిరి గంతేస్తుంది, చేతిలో నిండు పిస్టల్ ఉంటుంది. చున్నీ కారులోనే వదలాలి. కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏమీ తినకూడదు. ఇండోర్ రేంజ్ గాలిలో, తూటాల మసిలో సీసం ఉంటుంది. అందుకే గర్భిణులు, పాలిచ్చే తల్లులు రేంజ్‌కు దూరంగా ఉండాలి. చప్పుడు సంగతీ ఉంది: తల్లి చెవులకు మఫ్‌లు పెట్టుకోగలదు, కడుపులో బిడ్డకు ఎవరు పెడతారు? ఈ విషయం ఏ సేల్స్‌మాన్ నోటా నేను వినలేదు.

ఇంట్లో అది ఎక్కడ నిద్రపోతుందన్నది కొనేముందే తేలాలి. 2014 డిసెంబర్ ఆఖర్లో ఐడహోలోని ఒక సూపర్‌మార్కెట్‌లో, తల్లి హ్యాండ్‌బ్యాగులోని పిస్టల్ రెండేళ్ల పిల్లాడి చేతికి దొరికింది. తల్లి అక్కడికక్కడే పోయింది. టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు పిల్లలకు నిండు తుపాకి అందేలా వదిలేయడం నేరం. కానీ కేసు సంగతి తర్వాతది, ముందు పిల్లలు. బ్యాగు భుజానికి ఉంటే ఒక సంగతి, షాపింగ్ కార్టులో ఉంటే ఇంకో సంగతి, పేరంటానికి వెళ్లి సోఫా మీద పెడితే మరో సంగతి. నేనైతే హ్యాండ్‌బ్యాగు మాట ఎత్తితేనే ఒప్పుకోను.

ఇంకొకటి మన ఇళ్లలో ఎవరూ పైకి అనరు. 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. కాలిఫోర్నియాలో 2.6 కోట్ల మందిని పన్నెండేళ్ల పాటు గమనించారు. సొంతంగా హ్యాండ్‌గన్ ఉన్న ఆడవాళ్లు తుపాకితో ఆత్మహత్య చేసుకునే అవకాశం, లేనివాళ్లతో పోలిస్తే 35 రెట్లకు పైగా ఉంది. పురుడు పోసుకున్నాక వచ్చే దిగులు, దేశం కాని దేశంలో ఒంటరితనం, ఉద్యోగం లేని వీసా ఏళ్లు వదిలివెళ్లిన కుంగుబాటు... ఇవి మన ఆడవాళ్లకు తెలియనివి కావు. మందులు వాడుతున్నావా, నిద్ర పడుతోందా అని నేను మొహమాటం లేకుండా అడుగుతాను. వదినను అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. ఆ మధ్యాహ్నం మేం తుపాకుల గురించి ఇంకేమీ మాట్లాడుకోలేదు. ఆవిడ కొనలేదు, డాక్టర్ దగ్గరికి వెళ్లింది.

తోడికోడలు కొనకపోవడానికి కారణం వేరు. రేంజ్‌లో బాగానే కాల్చింది. కానీ కౌంటర్ దగ్గర ఎవడైనా తుపాకి చూపిస్తే గల్లాపెట్టె తెరిచి ఇచ్చేస్తానంది, రెండు వందల డాలర్ల కోసం ఎవరి కొడుకునూ చంపలేనంది. అంత స్పష్టంగా తెలిసిన మనిషికి తుపాకి అక్కర్లేదు. పార్కింగ్‌లో లైట్లు పెంచారు, రాత్రి మూసేటప్పుడు ఇద్దరుండాలని నియమం పెట్టుకున్నారు, గల్లాలో డబ్బు ఎప్పటికప్పుడు తీసి కింద సేఫ్‌లో పడేస్తున్నారు.

మేనకోడలు కొంది, తన డబ్బుతో, ఆ సన్నపిడి పిస్టలే. మంచం పక్కన వేలిముద్రతో తెరుచుకునే చిన్న సేఫ్ బిగించుకుంది. వారానికోసారి రేంజ్, మిగతా రాత్రులు ఖాళీ పిస్టల్‌తో గోడకేసి ట్రిగ్గర్ సాధన. ఆ సమయంలో తూటాలు పక్క గదిలో ఉండాలని శిక్షకుడు గట్టిగా చెప్పాడు. ఇప్పుడు హోల్‌స్టర్ వేటలో ఉంది. దొరికేవి చాలావరకు మగవాళ్ల బెల్టును నమ్ముకుని కుట్టినవే. లెగ్గింగ్స్‌కు బెల్టు లేదు, చుడీదార్‌కు లేదు, చీర సంగతి చెప్పనే అక్కర్లేదు. పొట్టకు చుట్టుకునే పట్టీ ఒకటి తెప్పించి చూసింది, కూర్చుంటే పిడి పక్కటెముకల్లో గుచ్చుకుంటోందట. వెనక్కి పంపేసింది. దొరికేదాకా పిస్టల్ ఇల్లు దాటదు.