జట్టులో పేరు రానప్పుడు

నాట్య జట్టు ఎంపికలో పేరు రాకపోవడానికి కారణాలు రెండు రకాలు. ఒకటి లెక్క, రెండోది విద్య. వేదిక మీద పన్నెండు మందికే చోటుంటే పదమూడో పిల్ల ఎంత బాగా ఆడినా కింద ఉండాల్సిందే. కోలాటంలో ఇది కళ్లకు కడుతుంది. కోల ఎదుటివారి కోలకు తగలాలి కాబట్టి జట్టు సరిసంఖ్యలో ఉండాలి, బేసిగా మిగిలినవారు పక్కకు జరగాలి. వరుసలో ఎత్తులు కలవడం, పాతవాళ్ల మధ్య ఇమడడం, చివరికి ఉన్న దుస్తులు సరిపోవడం కూడా లెక్కలోకే వస్తాయి. అడుగులో తాళం తప్పడం, అంగవిన్యాసం గుర్తు లేకపోవడం మాత్రం విద్యకు సంబంధించినవి. పేరు పిలవని పిల్లకు ఈ రెండింటికీ తేడా వినపడదు. పనికిరావన్న ఒక్క మాటే వినపడుతుంది.

శ్రీరాంపూర్ లాంటి బొగ్గుబాయి ఊళ్లో ఆ మాట ఇంకాస్త గట్టిగా వినపడుతుంది. డిసెంబర్ 23న సింగరేణి దినోత్సవం, ఆగస్టు 15, జనవరి 26, బడి వార్షికోత్సవం... పిల్లలు ఎక్కగలిగే వేదికలు ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. క్వార్టర్ల గోడలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఎవరిని తీసుకున్నదీ ఎవరిని తీసుకోనిదీ సెకండ్ షిఫ్టు వాళ్లు ఇల్లు చేరేలోపే కాలనీ అంతా తెలిసిపోతుంది. “మీ బిడ్డను తీసుకోలేదంట గదా” అన్న పలకరింపు అసలు ఫలితం కన్నా లోతుగా గుచ్చుకుంటుంది. ఈటీవీలో 2009లో ‘ఢీ’ నాట్య పోటీ మొదలయ్యాక చిన్న ఊళ్ల పిల్లల కళ్ల ముందు పెద్ద వేదిక ఒకటి నిలిచింది. అలాంటి ఎంపికకని మంచిర్యాలలో హైదరాబాద్ రైలెక్కి వెళ్లి, పేరు రాక అదే సాయంత్రం వెనుదిరగడం మరింత బరువు.

ఆ బాధ ఉత్త మాట కాదు. తోటివారు ఆటలోంచి వెలివేసినప్పుడు మెదడులో ఏం జరుగుతుందో నయోమీ ఐసెన్‌బర్గర్ బృందం పరిశీలించి 2003లో ‘సైన్స్’ పత్రికలో రాసింది. ఒంటికి నొప్పి కలిగినప్పుడు స్పందించే భాగాల్లో ఒకటి అప్పుడూ స్పందించింది. కాబట్టి మొదటి రోజు ఏడ్చే పిల్లను “గింత దానికే ఏడుస్తవా” అని గద్దించడం దెబ్బ మీద దెబ్బ. ఆ రోజుకు అన్నం, నిద్ర, పక్కన ఒక మనిషి చాలు. న్యాయనిర్ణేతల తప్పులు ఏకరువు పెట్టడం కూడా ఆ రాత్రికి వద్దు. పిల్ల ఆ మాటలే పట్టుకుని నెలల తరబడి తిరుగుతుంది.

ఎవరు నాట్యానికి తగినవారన్న ప్రశ్న చాలా పాతది. నందికేశ్వరుని ‘అభినయ దర్పణం’ దాని మీద రెండు పట్టికలు ఇస్తుంది. చీరాల–పేరాల ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఆనంద కుమారస్వామితో కలిసి 1917లో ఇంగ్లిష్‌లోకి తెచ్చిన గ్రంథం ఇదే. మొదటి పట్టిక పనికిరానివారిది. కంట్లో పువ్వు, పలచని జుట్టు, లావు పెదవులు, మరీ లావు, మరీ సన్నం, మరీ పొడుగు, మరీ పొట్టి, గూని... అలా సాగుతుంది. ఇది అన్యాయమైన పట్టిక. పుట్టుకతో వచ్చిన ఒంటిని చూసి తలుపు మూయడం ఆనాడూ తప్పే, రంగును, బరువును చూసి మూయడం ఈనాడూ తప్పే. ఆ కారణంగా వెనక్కి వచ్చిన పిల్ల దిద్దుకోవాల్సిందంటూ ఏమీ లేదు. ఆ సంగతి పెద్దవాళ్లు ఆమెకు విప్పి చెప్పాలి.

రెండో పట్టిక నర్తకికి ఉండాల్సిన పది ప్రాణాలది: జవం, స్థిరత్వం, రేఖ, భ్రమరి, దృష్టి, అశ్రమం, మేధ, శ్రద్ధ, వాక్కు, గీతం. పిల్లలకు కావాల్సింది ఇది. రేఖ, అంటే ఒంటి తీరులోని పొందిక, కొంత పుట్టుకతో వస్తుందని ఒప్పుకున్నా మిగతావి చాలావరకు సాధనతో పెరిగేవే. అరమండిలో నిలబడే సేపు రోజుకింత పెంచితే స్థిరత్వం వస్తుంది. గిరగిరా తిరిగేటప్పుడు చూపును ఒక గుర్తు మీద నిలిపితే భ్రమరిలో తూలడం తగ్గుతుంది. అశ్రమమంటే అలసట పైకి తేలకపోవడం, అది ఊపిరి మీద పట్టుతో వస్తుంది. మేధ అంటే ఒకసారి చూపిన అడుగుల్ని వరుసగా మనసులో నిలుపుకోవడం. ఎంపికల్లో కొత్త అడుగులు చూపించి అప్పటికప్పుడే ఆడమంటారు కాబట్టి చాలామంది జారేది ఇక్కడే. చూసినదాన్ని నోటితో సొల్లుకట్టుగా, అంటే తాళపు పలుకులుగా, చెప్పుకుని ఆ తర్వాత కాళ్లతో ఆడడం దీనికి మంచి సాధన.

గురువును లేదా ఎంపిక చేసినవారిని అడగడానికి మూడు నాలుగు రోజులు ఆగడం మేలు. “నన్నెందుకు తీసుకోలే సార్” అంటే అవతలివారు సంజాయిషీ వెతుక్కుంటారు. “ఈ పదింట్లో నాకు తక్కువైనవి ఏవి సార్” అంటే చెప్పక తప్పదు. జవాబు ఎత్తు గురించో సంఖ్య గురించో అయితే అది లెక్క, అక్కడితో వదిలెయ్యొచ్చు. కసితో మరునాటి నుంచే రెండింతలు ఆడి మోకాళ్లకు వాపు తెచ్చుకునే పిల్లలూ ఉన్నారు. అది సాధన కాదు, తన ఒంటికి తాను వేసుకునే శిక్ష.

ఎంపిక లేని ఆటలు ఈ నేల మీద ఎన్నో ఉన్నాయి. బతుకమ్మ చుట్టూ ఇంకొకరు వస్తే వలయం ఇంకాస్త విచ్చుకుంటుంది. ఆదిలాబాద్ రాజ్‌గోండుల దండారీ పండుగలో దీక్ష పట్టినవారు నెమలి ఈకల టోపీ పెట్టుకుని గుస్సాడీ ఆడతారు. ఆ ఆటకే జీవితమిచ్చిన మర్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. దసరా ముందర జట్టులో పేరు పోయిన పిల్లను వారం తిరక్కుండానే బతుకమ్మ ఆటలోకి తీసుకుపోతే, కాలు మళ్లీ తాళం అందుకుంటుంది.

ఇక ఎంపికైన స్నేహితురాలి సంగతి. ఒకే గదిలో నేర్చుకున్న ఇద్దరిలో ఒకరికే చోటు దక్కితే కొన్నాళ్లు మాటలు తగ్గడం సహజం. బలవంతంగా కలపకూడదు, ప్రదర్శన చూడడానికి రమ్మని పోరు పెట్టకూడదు. వేదిక వెనక జడలో పూలు పెట్టడానికో గజ్జెలు బిగించడానికో ఆ అమ్మాయికి ఒక చెయ్యి కావాల్సి వస్తుంది. వెళ్లాలనిపించిన రోజు పేరు రాని పిల్లే వెళ్తుంది.